మగ్గం నుండి అంతర్జాల విపణికి: చిన్న ఆన్‌లైన్ వ్యాపారం ఆరంభించే ముందు వేసుకోవలసిన లెక్కలు, పాటించవలసిన నిబంధనలు

(ప్రత్యేక వ్యాసం)

ఉత్పత్తిదారునికి, వినియోగదారునికి మధ్య గల దూరాన్ని తగ్గించుటలో అంతర్జాలం నేడు ప్రధాన సాధనంగా నిలిచింది. నేసిన చీరను సహకార సంఘానికో, మాస్టర్ వీవర్‌కో, పట్టణంలోని వస్త్ర వ్యాపారికో అప్పగించి, వారు నిర్ణయించిన ధరకు తృప్తిపడవలసిన నేత కుటుంబం, చేతిలోని సెల్‌ఫోన్ సాయంతో ఆ చీరను నేరుగా కొనుగోలుదారు ముందుంచగలుగుతున్నది. ఇది ఆహ్వానించదగిన పరిణామమే. అయితే అంతర్జాలంలో దుకాణం తెరచుట ఒక పూటలో ముగిసే పని కాగా, దానిని నష్టం లేకుండా ఏడాది పాటు నడుపుట వేరు సంగతి. ధర, రవాణా, వాపసు, పన్ను అనే నాలుగు లెక్కలను ప్రారంభానికి ముందే కాగితంపై వేసుకొనని చిన్న వ్యాపారి, అమ్మకాలు పెరిగిన కొద్దీ నష్టపోయే ప్రమాదం కలదు.

యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి చేనేతను ఉదాహరణగా తీసుకొని, చిన్న ఆన్‌లైన్ వ్యాపార ప్రణాళిక నుండి ప్రారంభం వరకు గల దశలను ఈ వ్యాసం వివరిస్తున్నది. ఇందులోని అంశాలలో అధిక భాగం ఏటికొప్పాక లక్క బొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు, ఆత్రేయపురం పూతరేకులకు కూడా వర్తిస్తాయి.

నేపథ్యం

1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే భూదానోద్యమానికి అంకురార్పణ జరిగిన గ్రామంగా పోచంపల్లి చరిత్రకెక్కింది. నూలుకు ముందుగా ముడులు కట్టి, రంగులద్ది, ఆ పిదప మగ్గంపై నేసే ఇకత్ పద్ధతికి ఈ ప్రాంతం పెట్టింది పేరు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 2003 సెప్టెంబర్ 15 నుండి అమలులోకి రాగా, పోచంపల్లి ఇకత్ ఆ గుర్తింపు పొందిన తొలి ఉత్పత్తులలో ఒకటిగా నిలిచింది. సమీపంలోని పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో ఇదే గుర్తింపు లభించింది. 2021లో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది.

2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులు ఉండగా, వారిలో దాదాపు 72 శాతం మహిళలు. ఆన్‌లైన్ అమ్మకంలో ధర నిర్ణయించే వేళ ఈ అంకెను తప్పక గుర్తుంచుకోవలసి ఉన్నది. ఏలయనగా నేతకు ముందు జరిగే పనిలో అధిక భాగం ఇంటి స్త్రీలదే. ఆసు పోయుటలో ఒక్కొక్క చీరకు వేలసార్లు చేతిని అటునిటు తిప్పవలసి వచ్చేది. తల్లి పడుతున్న ఆ శ్రమను చూచి చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. యంత్రం వచ్చి చేతి శ్రమ తగ్గినప్పటికీ, ఆ పనికి వెచ్చించే వేళకు కూలి కట్టే అలవాటు అనేక ఇళ్లలో లేదు. ఆన్‌లైన్ వ్యాపారంలో మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతున్నది.

మొదటి లెక్క: ధర

ఈ క్రింది అంకెలు పద్ధతిని తెలుపుట కొరకు వేసిన నమూనా లెక్క మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసుకోవలెను.

ఒక చీరకు నూలు, పట్టు, రంగులకు 2,600 రూపాయలు, ముడులు కట్టుట, అద్దకం, ఆసు, నేత కలిపి ఇంటిల్లిపాది శ్రమకు 3,000 రూపాయలు, ఫోటో, ప్యాకింగ్‌కు 150 రూపాయలు, తపాలాకు 150 రూపాయలు అవుతాయనుకొందాం. పన్ను కాక 7,000 రూపాయలకు అమ్మినట్లయితే, విక్రయ వేదిక 12 శాతం కమీషన్ కింద 840 రూపాయలు మినహాయించుకొంటుంది. మొత్తం ఖర్చు 6,740 రూపాయలు. మిగులు కేవలం 260 రూపాయలు.

ఇంటివారి కూలిని లెక్కలో చేర్చని యెడల ఇదే చీరపై 3,260 రూపాయల లాభం కనబడుతుంది. ఆ భ్రమతో ఐదారు వందలు తగ్గించి అమ్మినవారు, తమ కుటుంబ శ్రమనే రాయితీగా ఇచ్చివేసినవారవుతారు.

రెండవ లెక్క: వాపసు

దుకాణంలో చీరను చేతితో తాకి, వెలుతురులో చూచి కొంటారు. ఆన్‌లైన్‌లో చిత్రాన్ని చూచి కొంటారు. కనుక కొన్ని చీరలు తిరిగి వచ్చుట సహజం. పై లెక్కలోని పది చీరలు పంపగా ఒకటి తిరిగి వచ్చినదనుకొందాం. తొమ్మిదింటిపై మిగులు 2,340 రూపాయలు. తిరిగి వచ్చినదానికి రానుపోను తపాలా, ప్యాకింగ్ కింద 450 రూపాయలు పోగా 1,890 రూపాయలు మిగులుతాయి. మూడు తిరిగి వస్తే 470 రూపాయలే మిగులుతాయి. నాలుగు తిరిగి వస్తే 240 రూపాయల నష్టం. అది కూడా చీరలన్నీ చెక్కుచెదరకుండా వచ్చినప్పటి మాట. ఒక్క చీర మరకపడి, మరల అమ్ముటకు వీలులేని స్థితిలో తిరిగి వచ్చినట్లయితే 6,050 రూపాయలు నష్టపోవలసివచ్చును. ఆ లోటు పూడుటకు మరో 24 చీరల మిగులు కావలెను.

వాపసులను తగ్గించుటకు ఖర్చు లేని మార్గం వస్తువు గురించి ఉన్నదున్నట్లు చెప్పుట. పగటి వెలుతురులో తీసిన ఫోటోలు, కొంగు, అంచు, వెనుకవైపు వేర్వేరుగా చూపుట, పొడవు, వెడల్పు, జాకెట్టు గుడ్డ ఉన్నదీ లేనిదీ, పట్టు ఎంత, నూలు ఎంత, మొదటి ఉతుకు ఎలా చేయవలెను అన్న వివరాలు ఇచ్చుట అవసరం. ఇకత్ నేతలో పువ్వు అంచులు కొద్దిగా చెదరినట్లు కనబడుట ఆ పద్ధతి స్వభావమే. ఈ మాటను ముందుగా చెప్పినప్పుడు అది చేతి పనికి ఆనవాలు అవుతుంది. చెప్పనప్పుడు అదే లోపంగా ఫిర్యాదుకు ఎక్కుతుంది.

ఎక్కడ అమ్మవలెను?

చిన్న వ్యాపారికి ముఖ్యంగా నాలుగు దారులు కలవు. మొదటిది, వాట్సాప్ వంటి సందేశ సాధనాల ద్వారా పరిచయస్తులకు అమ్ముట. కమీషన్ ఉండదు, కాని కొనుగోలుదారుల సంఖ్య పరిమితం. రెండవది, పెద్ద విక్రయ వేదికలలో విక్రేతగా చేరుట. గిరాకీ విస్తృతమే గాని కమీషన్, వాపసు షరతులు వేదిక నిర్ణయిస్తుంది. మూడవది, సొంత డొమైన్ పేరుతో వెబ్‌సైటు నెలకొల్పుట. పేరు తమదే అయినా, దానిని పదిమందికి తెలియజేసే భారం కూడా తమదే. నాలుగవది, కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహంతో 2021 డిసెంబర్ 31న లాభాపేక్ష లేని సంస్థగా నమోదైన ఓఎన్‌డీసీ. ఇందులో విక్రేత ఒక యాప్ ద్వారా చేరినప్పటికీ, వేరొక యాప్ వాడుతున్న కొనుగోలుదారునకు కూడా ఆ వస్తువు కనబడుతుంది.

ఏ దారి ఎంచుకొన్నప్పటికీ, కొనుగోలుదారుల జాబితా, లెక్కల పుస్తకం వ్యాపారి వద్ద విడిగా ఉండవలెను. వేదికలోని ఖాతా ఏ కారణం చేతనైనా నిలిచిపోయిన నాడు చేతిలో మిగిలేవి అవే.

నమోదులు

పాన్ కార్డు, వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక బ్యాంకు ఖాతా మొదటి అవసరాలు. ఇంటి ఖర్చు, వ్యాపార ఖర్చు ఒకే ఖాతాలో కలిసినచో పై లెక్కలేవీ తేలవు.

2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్‌లో పూర్తి ఉచితంగా జరుగుతుంది. ఇందు నిమిత్తం రుసుము కోరే ప్రైవేటు వెబ్‌సైట్ల పట్ల అప్రమత్తంగా ఉండవలెను. 2025 ఏప్రిల్ 1 నుండి సవరించిన నిర్వచనం ప్రకారం 2.5 కోట్ల రూపాయల లోపు పెట్టుబడి, 10 కోట్ల రూపాయల లోపు టర్నోవర్ గల సంస్థలు సూక్ష్మ సంస్థలుగా పరిగణింపబడతాయి. ఈ నమోదు గలవారికి ట్రేడ్‌మార్క్ దరఖాస్తును ఆన్‌లైన్‌లో దాఖలు చేయుటకు ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయల తగ్గింపు రుసుము వర్తిస్తుంది. నమోదైన ట్రేడ్‌మార్క్ పదేళ్లు చెల్లుతుంది. తరువాత పొడిగించుకోవచ్చును.

ఆహార పదార్థాలు అమ్మేవారు వార్షిక టర్నోవర్‌ను అనుసరించి ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ వద్ద నమోదు గాని, లైసెన్సు గాని పొంది, 14 అంకెల సంఖ్యను ప్యాకెట్‌పై ముద్రించవలెను. ఇంటిలో తయారు చేసిన పచ్చళ్లకు, పూతరేకులకు మినహాయింపు లేదు.

మూడవ లెక్క: పన్ను, రాష్ట్ర సరిహద్దు

చిన్న ఆన్‌లైన్ వ్యాపారులు అధికంగా తడబడుతున్న అంశం వస్తు, సేవల పన్ను. 2017 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఈ చట్టం కింద, సాధారణంగా సరుకులు అమ్మేవారు రిజిస్ట్రేషన్ పొందవలసిన వార్షిక టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు కాగా, తెలంగాణలో 20 లక్షల రూపాయలుగా ఉన్నది. ఒకే రకం చీర నేసే రెండు కుటుంబాలకు, అవి సరిహద్దుకు ఏ వైపున ఉన్నాయన్నదానిని బట్టి పరిమితి మారుతున్నది.

విక్రయ వేదికల ద్వారా అమ్మేవారు టర్నోవర్ ఎంత స్వల్పమైనా రిజిస్ట్రేషన్ పొందవలసి ఉండగా, 2023 అక్టోబర్ 1 నుండి కొంత సడలింపు లభించింది. పరిమితికి లోబడిన విక్రేతలు పాన్ వివరాలతో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య పొంది, రిజిస్ట్రేషన్ లేకుండానే వేదికలపై సరుకులు అమ్మవచ్చును. కాని ఆ అమ్మకం ఒకే రాష్ట్రంలో, ఆ రాష్ట్రం లోపలనే జరగవలెను.

ఈ ఒక్క షరతు తెలుగువారి విషయంలో ప్రత్యేక ప్రాధాన్యం సంతరించుకొన్నది. 2014 జూన్ 2కు పూర్వం పోచంపల్లి నుండి విజయవాడకు వెళ్లే చీర ఒకే రాష్ట్రంలోని సరుకు. నేడు అది అంతర్రాష్ట్ర సరఫరా. ఎన్‌రోల్‌మెంట్ సంఖ్యతో మాత్రమే వేదికపై అమ్మే పోచంపల్లి కుటుంబం హైదరాబాద్ కొనుగోలుదారునకు చీర పంపవచ్చును గాని, గుంటూరులోని కొనుగోలుదారునకు పంపరాదు. ఆ విధంగా పంపదలచినవారు రిజిస్ట్రేషన్ పొందవలసిందే.

వేదిక ప్రమేయం లేకుండా, చేతివృత్తులవారు తామే నేరుగా అమ్మే హస్తకళా వస్తువులకు వేరొక వెసులుబాటు కలదు. 2018 అక్టోబర్‌లో సవరించి జారీ చేసిన ప్రకటన ప్రకారం, అందులో పేర్కొన్న వస్తువులను నిర్ణీత టర్నోవర్ పరిమితికి లోబడి రిజిస్ట్రేషన్ లేకుండా ఇతర రాష్ట్రాలకు పంపవచ్చును. అయితే పాన్ ఉండవలెను, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీయవలెను. తమ వస్తువు ఆ జాబితాలో ఉన్నదీ లేనిదీ వాణిజ్య పన్నుల అధికారుల వద్ద ముందుగా నిర్ధారించుకొనుట మేలు.

2025 సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం, వేదికల ద్వారా పలు రాష్ట్రాలకు సరఫరా చేసే చిన్న విక్రేతలకు సులభతర రిజిస్ట్రేషన్ విధానాన్ని సూత్రప్రాయంగా ఆమోదించింది. 2025 నవంబర్ 1 నుండి తక్కువ పన్ను బాధ్యత గల దరఖాస్తుదారులకు మూడు పని దినాలలో రిజిస్ట్రేషన్ మంజూరు చేసే ఐచ్ఛిక పద్ధతి కూడా అమలులోకి వచ్చింది. అంతకు ముందు, 2025 సెప్టెంబర్ 22 నుండి, 12 శాతం శ్రేణిలో ఉండిన పలు హస్తకళా వస్తువుల పన్ను 5 శాతానికి తగ్గింది.

రిజిస్ట్రేషన్ పొందిన విక్రేతకు చెల్లించే సొమ్ము నుండి వేదికలు జీఎస్టీ కింద కొంత మొత్తం వసూలు చేస్తాయి. ఈ రేటు 2024 జూలై 10 నుండి 1 శాతం నుండి 0.5 శాతానికి తగ్గింది. ఆదాయపు పన్ను కింద మినహాయించే మొత్తం 2024 అక్టోబర్ 1 నుండి 0.1 శాతం అయినది. ఇవి పోయిన సొమ్ము కావు. రిటర్నులు సకాలంలో దాఖలు చేసి జమ పొందవచ్చును. దాఖలు చేయనివారికి మాత్రం ఇవి పోయినట్లే.

నాలుగవ లెక్క: రవాణా

బరువు, దూరం, ప్యాకెట్ కొలతలను బట్టి తపాలా, కొరియర్ చార్జీలు మారుతాయి. బొమ్మలు అమ్మేవారికి ప్యాకెట్ పరిమాణం, వస్త్రాలు అమ్మేవారికి తడి తగలకుండా కాపాడే కవరు ముఖ్యం. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసినందున, పాత చార్జీల ప్రకారం ధర వేసుకొన్నవారు దానిని సరిచూచుకోవలెను. వస్తువు అందిన పిదప నగదు చెల్లించే పద్ధతిలో కొనుగోలుదారు తీసుకొనుటకు నిరాకరించినచో రానుపోను ఖర్చు విక్రేతపైనే పడుతుంది.

విదేశాలలోని తెలుగు కుటుంబాలు చేనేత చీరలకు మంచి గిరాకీదారులు. విదేశాలకు పంపుటకు పాన్ ఆధారంగా లభించే ఎగుమతి, దిగుమతి సంకేత సంఖ్య అవసరం. 2022లో ఆరంభమైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా తపాలా కార్యాలయం నుండే ఎగుమతి పత్రాలు పూర్తి చేయవచ్చును. అయితే 800 డాలర్ల లోపు పార్శిళ్లకు గల సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుండి నిలిపివేసింది. కనుక సుంకం ఎవరు భరించవలెనో బిల్లు వేయకముందే కొనుగోలుదారుతో తేల్చుకొనుట తప్పనిసరి.

వినియోగదారుల హక్కులు, విక్రేత బాధ్యతలు

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలై 23న ఈ-కామర్స్ నియమాలు వెలువడ్డాయి. వీటి ప్రకారం విక్రేత మొత్తం ధరను, వాపసు షరతులను, తయారైన దేశాన్ని స్పష్టంగా తెలుపవలెను. వస్తువు లోపభూయిష్టంగా ఉన్నను, వర్ణించిన విధంగా లేకున్నను తిరిగి తీసుకొనుటకు నిరాకరించరాదు. తానే కొనుగోలుదారుగా నటించి పొగడ్తలు రాసుకొనరాదు. ఫిర్యాదు అందిన 48 గంటలలో అందినట్లు తెలిపి, నెల రోజులలో పరిష్కరించవలెను.

భౌగోళిక సూచిక గల పేర్లను ఇష్టానుసారం వాడుట చట్టరీత్యా నేరం. మిల్లులో అచ్చువేసిన గుడ్డను పోచంపల్లి చీర పేరుతో అమ్మినప్పుడు కొనుగోలుదారు మోసపోవుటయే గాక, అసలు నేతగాని ధర కూడా పడిపోతుంది. నిజమైన ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు చేసుకొన్నచో తమ హక్కును నిలబెట్టుకొనుట సులభమవుతుంది. 2006లో ఆరంభమైన హ్యాండ్‌లూమ్ మార్క్ కూడా చేతి నేతకు గుర్తింపు చిహ్నంగా ఉపకరిస్తుంది.

కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు విక్రేత వద్ద చేరుతున్న కారణంగా, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని సైతం దృష్టిలో ఉంచుకోవలెను. ఈ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వెలువడగా, వాటిని దశలవారీగా అమలుపరచవలెనని నిర్ణయించారు.

చెల్లింపులలో జాగ్రత్తలు

2016 ఏప్రిల్‌లో ఆరంభమైన యూపీఐ చిన్న వ్యాపారికి గొప్ప వెసులుబాటు కలిగించింది. సొమ్ము స్వీకరించుటకు పిన్ నమోదు చేయనవసరం లేదు. పిన్ అడిగినచో అది తమ ఖాతా నుండి సొమ్ము పోవుటకేనని గ్రహించవలెను. చెల్లించినట్లు కొనుగోలుదారు పంపే స్క్రీన్‌షాట్‌ను నమ్మి సరుకు పంపరాదు. బ్యాంకు ఖాతాలో జమ అయినదీ లేనిదీ స్వయంగా చూచుకోవలెను. మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను. తొలి గంటలలో తెలియజేసినప్పుడే సొమ్మును మార్గమధ్యంలో నిలుపుటకు అవకాశం ఎక్కువ.

పెట్టుబడి, ప్రారంభం

2015 ఏప్రిల్ 8న ఆరంభమైన ముద్ర యోజన కింద శిశు విభాగంలో 50 వేల రూపాయల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు, తరుణ్ విభాగంలో 10 లక్షల వరకు రుణాలకు వీలు కల్పించారు. అయితే ఆరంభంలోనే పెద్ద మొత్తం రుణం తెచ్చి సరుకు నిల్వ చేయుట వాంఛనీయం కాదు.

పది, పన్నెండు రకాలతో, పరిచయస్తుల మధ్య ఒకటి రెండు నెలలు ప్రయోగాత్మకంగా అమ్మి చూచుట ఉత్తమం. ఎన్ని పంపినది, ఎన్ని తిరిగి వచ్చినది, ఎందుకు తిరిగి వచ్చినది, సొమ్ము ఎన్ని రోజులకు ఖాతాలో పడినది అన్న వివరాలు రోజువారీగా రాసిపెట్టవలెను. మగ్గంపై ఒక చీరకు పట్టే రోజులు మారవు. కనుక వారంలో నేయగలిగిన దానికి మించి ఆర్డర్లు ఒప్పుకొనుట తగదు. పండుగల ముందు గడువు దాటి పంపిన చీర, తిరిగి వచ్చే చీరగా మారుతుంది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

చేనేత, జౌళి శాఖ, జిల్లా పరిశ్రమల కేంద్రం, వాణిజ్య పన్నుల శాఖ, తపాలా శాఖ, బ్యాంకులు ఎవరికి వారుగా అవగాహన సదస్సులు జరుపుటకంటె, మగ్గాలున్న ఊరిలోనే ఒకే రోజున కలిసి శిబిరం నిర్వహించినచో ప్రయోజనం అధికం. ఉద్యమ్ నమోదు, ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోటోల శిక్షణ ఒకే చోట పూర్తికావచ్చును. ఇట్టి శిక్షణలకు ఇంటి యజమానినే గాక, లెక్కలు రాయగల, ఫోన్ వాడగల మహిళలను, యువతను విధిగా ఆహ్వానించవలెను.

ఆన్‌లైన్ విజయగాథలు రాసే పాత్రికేయులు అమ్మకాల మొత్తంతో పాటు వాపసులు, కమీషన్ పోగా కుటుంబానికి దక్కిన నికర ఆదాయాన్ని కూడా అడిగి తెలుసుకొన్నచో పాఠకులకు సరియైన చిత్రం లభిస్తుంది. లక్ష రూపాయల అమ్మకం జరిపి మూడు వేలు మిగిల్చుకొన్న కుటుంబం, యాభై వేల అమ్మకంతో పది వేలు మిగిల్చుకొన్న కుటుంబం ఒకటి కావు.

దళారీ చేతిలో నష్టపోయిన నేత కార్మికుడు, తానే వేసుకొన్న తప్పు లెక్క వల్ల మరల నష్టపోరాదు. ఆసు పోసిన చేతులకు, నేసిన చేతులకు కూలి దక్కిన పిదప మిగిలినదే లాభమని ప్రతి కుటుంబం ముందుగా రాసుకొన్నప్పుడే అంతర్జాల విపణి చేనేతకు ఆసరా కాగలదు.